రాగ్‌డాల్ పిల్లుల పెంపకం: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

రాగ్‌డాల్ అంటే గుడ్డబొమ్మ. ఎత్తుకోగానే ఒళ్ళు వదిలేసి చేతుల మీద వాలిపోతుందని ఆ పేరు పెట్టారు. కొన్నేళ్ళుగా ఇంట్లోనే వీటిని జత కట్టించి కూనల్ని పెంచుతున్నాను. నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఆ పేరుని అక్షరాలా నమ్మడం వల్ల వచ్చినవే.

"వీటికి నొప్పి తెలియదట కదా?"

ఈ మాట ఎవరో కిట్టనివాళ్ళు పుట్టించింది కాదు, జాతిని మొదలుపెట్టినావిడే చెప్పింది. 1960ల్లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆన్ బేకర్ అనే ఆవిడ, జోసెఫిన్ అనే తెల్లటి బొచ్చు పిల్లి సంతానంతో రాగ్‌డాల్స్‌ని తయారుచేసింది. జోసెఫిన్‌ని ఒకసారి కారు గుద్దిందని, ఆ తర్వాత పుట్టిన కూనలు అందుకే ఇలా మెత్తగా, నొప్పి తెలియకుండా ఉన్నాయని ఆవిడ ప్రచారం చేసుకుంది. తల్లికి దెబ్బ తగిలితే కడుపులో పుట్టేవాటి జన్యువులు మారిపోవు. సాధు స్వభావం ఉన్నవాటిని ఏరి ఏరి జత కట్టించారు, అదీ రహస్యం. నొప్పి వీటికీ అన్ని పిల్లుల్లాగే తెలుస్తుంది, కాకపోతే పైకి చెప్పవు. మా పిల్లి ఒకటి పంటి నొప్పితో ఉన్నా ఎత్తుకుంటే మామూలుగానే వాలిపోయేది, ముద్దు చేస్తే గురగురలాడేది. తల ఒక పక్కకి వంచి నములుతూ గింజలు కింద పడేసుకోవడం చూశాక గానీ నాకు అనుమానం రాలేదు. అన్నట్టు, అన్ని రాగ్‌డాల్సూ అలా వాలిపోవు. వాలకపోతే నకిలీదనుకోవద్దు.

"కూనలు తెల్లగా పుట్టాయి, రంగు రాలేదు"

వస్తుంది, కంగారు పడకండి. వీటి ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైమ్ వెచ్చగా ఉన్నచోట పనిచేయదు, చల్లగా ఉన్నచోటే పనిచేస్తుంది. తల్లి కడుపులో అంతా ఒకే వెచ్చదనం కాబట్టి తెల్లగా పుడతాయి. బయటికొచ్చాక చెవులు, ముక్కు, తోక, పాదాలు చల్లబడి అక్కడ రంగు తేలుతుంది. పూర్తి రంగు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మా సీల్ పాయింట్ (చెవులు, ముక్కు, తోక లాంటి చివర్లు ముదురు గోధుమరంగులో ఉండే) పిల్లికి గుండె స్కానింగ్ కోసం పక్కటెముకల మీద బొచ్చు గీశారు. అక్కడ చల్లగాలి తగిలిందేమో, తిరిగి వచ్చిన బొచ్చు చాక్లెట్ ముక్క అతికించినట్టు ముదురు రంగులో వచ్చింది. తర్వాత బొచ్చు రాలి మళ్ళీ వచ్చినప్పుడు మామూలైపోయింది.

నీలికళ్ళు కాబట్టి చెవుడు ఉంటుందన్నది దీని చుట్టమే. ఆ చెవుడు ఒళ్ళంతా తెల్లగా చేసే వేరే జన్యువుతో ముడిపడింది. వీటి నీలికళ్ళు ఈ పాయింట్ రంగుతో వచ్చేవి.

"డీఎన్‌ఏ టెస్ట్ నెగెటివ్, ఇక గుండెకి ఢోకా లేదు"

గుండె కండరం మందమయ్యే హెచ్‌సీఎం ఈ జాతిలో పెద్ద భయం. దానికి కారణమయ్యే ఒక మ్యుటేషన్‌ని (జన్యువులో మార్పుని) రాగ్‌డాల్స్‌లో 2007లో గుర్తించారు, టెస్ట్ దానికే. ఆ ఒక్క మ్యుటేషన్ లేదని మాత్రమే రిపోర్ట్ చెబుతుంది. వేరే కారణాలతో వచ్చే హెచ్‌సీఎం అందులో దొరకదు. అందుకే జత కట్టించే పిల్లులకి గుండె స్కానింగ్ కూడా చేయించాలి, అదీ ఒక్కసారి కాదు, ఎప్పటికప్పుడు. పెడిగ్రీ కాగితం చూపించి "ఇంకేం కావాలి" అనేవాళ్ళుంటారు. ఆ కాగితంలో ఉండేది వంశం, ఆరోగ్యం కాదు.

"ముర్రుపాలు తాగితే చాలు, ఇక ఏ బెంగా అక్కర్లేదు"

మామూలుగా నిజమే. కానీ పిల్లులకీ బ్లడ్ గ్రూపులు ఉంటాయి, ఎక్కువగా ఏ, బీ, అరుదుగా ఏబీ. రాగ్‌డాల్స్‌లో బీ కూడా కనిపిస్తుంది. తల్లి బీ, తండ్రి ఏ అయితే కూనల్లో ఏ గ్రూపువి పుడతాయి. బీ గ్రూపు తల్లి రక్తంలో ఏ గ్రూపు రక్తకణాల్ని చంపే యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి, అవి ముర్రుపాలలోకి దిగుతాయి. కూన పేగులు మొదటి రోజు ఆ యాంటీబాడీల్ని నేరుగా రక్తంలోకి పీల్చేస్తాయి.

ఇది నేను చదివి నేర్చుకోలేదు. మొదట్లో ఒకసారి నాలుగు కూనలు పుట్టాయి, ఒక్కోటి వంద గ్రాముల దాకా ఉంది, నాలుగూ గట్టిగా పాలు పట్టాయి. రెండో రోజు సాయంత్రానికి రెండు పాలు వదిలేశాయి. కింద పరిచిన తెల్లగుడ్డ మీద మూత్రం టీ డికాషన్ రంగులో కనిపించింది. తెల్లారేసరికి ఆ రెండూ లేవు. మూడోది బతికింది గానీ కొన్నాళ్ళకి దాని తోక చివర నల్లగా ఎండి రాలిపోయింది. నాలుగోదానికి ఏమీ కాలేదు, అది తల్లి గ్రూపే. "బ్లడ్ గ్రూపు చూశారా?" అని డాక్టర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే జత కట్టించే ముందే ఇద్దరికీ చూపిస్తాను. గ్రూపులు కలవని జతకి కూనలు పుడితే, మొదటి 24 గంటలు తల్లి పాలు తాగనివ్వకుండా కూనల కోసం అమ్మే పాలపొడి కలిపి పట్టి, తర్వాత తల్లి దగ్గరికి చేర్చాలి. ఆవు పాలు మాత్రం వద్దు, వీటికి కావలసినంత ప్రోటీన్, కొవ్వు వాటిలో ఉండవు, విరేచనాలు పట్టుకుంటాయి.

"తల్లే చూసుకుంటుంది, మనం ముట్టుకోకూడదు"

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, ఊరికే తిప్పదు. చోటు మీద నమ్మకం పోతే తిప్పుతుంది. పదిమందీ వచ్చి తొంగి చూస్తుంటే పోతుంది. రోజూ తిండి పెట్టే చెయ్యి తాకితే మాత్రం కోప్పడదు. నేను గ్రాముల్లో చూపించే వంటింటి త్రాసు పెట్టుకుని ఒకే వేళకి తూస్తాను. రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు పెరగకపోయినా జాగ్రత్త పడతాను. కూన చల్లబడి ఉంటే ముందు వెచ్చబెట్టాలి, చల్లటి ఒంటికి పాలు అరగవు. చాలామంది ఇక్కడే తొందరపడి పాలు పోసేస్తారు.

"కడుపుతో ఉంది, కాల్షియం వేయండి"

వద్దు. గర్భంతో ఉన్నప్పుడు బయటినుంచి కాల్షియం ఎక్కువ ఇస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒళ్ళు మానేస్తుంది. తీరా పాలిచ్చే రోజుల్లో రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. కూనలకి పెట్టే మంచి ఫుడ్డే తల్లికీ పెడితే సరిపోతుంది.

"పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి ముందు ఒక్కసారైనా పిల్లల్ని పెట్టాలి"

అక్కర్లేదు. దానివల్ల పిల్లికి ఏ లాభమూ లేదు. పైగా ముందే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది.

"చిన్నప్పుడే ఇస్తే మాకు అలవాటవుతుంది"

నేను పన్నెండు వారాల లోపు ఎవరికీ ఇవ్వను, ఈ విషయంలో మొండిదాన్నే. మనుషులకి మచ్చిక చేసే రోజులు రెండో వారం నుంచి ఏడో వారం దాకా, ఆ పని నేను ఇంట్లో ఎలాగూ చేస్తాను. ఆ తర్వాత కూన నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళు అరుస్తారో నేర్పేది అవే. ఈలోగా మొదటి టీకాలు కూడా అవుతాయి.

"అలర్జీ రాదు, దువ్వక్కర్లేదు"

అలర్జీ తెచ్చే ప్రోటీన్ లాలాజలంలో, చర్మంలో ఉంటుంది, బొచ్చు పొడుగుతో దానికి పని లేదు. ముందు వచ్చి ఓ గంట వీటి మధ్య కూర్చుని చూడమంటాను. ఇక దువ్వడం అంటారా, లోపలి బొచ్చు పలచన కాబట్టి పర్షియన్ అంత చిక్కులు పడవు. చంకలు, చెవుల వెనక మాత్రం వారానికి రెండుసార్లయినా స్టీల్ దువ్వెన పెట్టాలి, పైపైన బ్రష్ తిప్పితే అడుగున కట్టిన ఉండ చేతికి తగలదు.