పడమటి కిటికీకి ఏ పరదా?

మే నెలలో సాయంత్రం నాలుగింటికి మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో మా అక్కవాళ్ళ పడకగదిలోకి వెళ్తే ఇటుకబట్టీ పక్కన నిలబడ్డట్టు ఉండేది. పడమటి కిటికీకి అప్పుడే కొత్త కర్టెన్లు కట్టారు. అక్క చంద్రపూర్ వెళ్ళి, నాలుగు దుకాణాలు తిరిగి, మెరూన్ రంగు మందపాటి సాటిన్ బట్ట ఏరికోరి కుట్టించుకొచ్చింది. చూడ్డానికి చాలా బాగున్నాయి.

"ఏంది తమ్మీ, గింత మందం పరదా ఏసినా అర్ర ఉడుకుతనే ఉంది" అంది.

పరదాను కాస్త పక్కకు జరిపి, బట్టకూ అద్దానికీ నడుమ చెయ్యి పెట్టాను. కింద అంతగా తెలియలేదు. చెయ్యి పైకి జరుపుతున్నకొద్దీ వేడి పెరిగింది. రాడ్ దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి చాచినట్టు సెగ కొట్టింది. ఆ సెగ రాడ్ మీదుగా నేరుగా గదిలోకే వస్తోంది.

ఎండలో సగానికి కాస్త తక్కువ మన కంటికి కనిపించే వెలుగు. దాదాపు మరో సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. మిగిలిన కొద్దిపాటి భాగం అతినీలలోహితం. మామూలు కిటికీ అద్దం ఇందులో ఎక్కువ భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. ముదురు రంగు బట్ట దాన్ని పీల్చుకుని కాగుతుంది. కాగిన బట్ట కూడా పరారుణ కిరణాలనే వదులుతుంది గానీ, వాటి తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ, సుమారు 10 మైక్రోమీటర్లు. వాటిని అద్దం దాటనివ్వదు. ఇక బట్టను తాకిన గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. నా చేతికి తగిలింది అదే. పరదా ఎంత మందంగా ఉన్నా, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే కదా దాన్ని ఆపేది!

లెక్క వేసి చూడండి. ఎండకు ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు మీద, మబ్బు లేని మిట్టమధ్యాహ్నం దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. సాయంత్రానికి ఎండ తగ్గినా, వాలిన సూర్యుడు పడమటి కిటికీకి ముఖాముఖి వస్తాడు కాబట్టి చదరపు మీటరుకు 500 వాట్లు తేలిగ్గా దాటుతుంది. అక్కవాళ్ళ కిటికీ నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంటే సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెను రెండు గంటలసేపు గదిలో ఆపకుండా పెట్టినంత వేడి అది.

అందుకే కర్టెన్ కొనేవాళ్ళు రంగు, డిజైన్ చూసే ముందు ఆ కిటికీ ఏ దిక్కున ఉందో చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. బల్లార్‌పూర్ దాదాపు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. ఆ తర్వాత జూలై చివరి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే కొద్దిగా వాలి ఉంటాడు. అంటే ఎండాకాలం మంచి ఊపులో ఉన్నప్పుడు దక్షిణపు కిటికీలో నేరుగా ఎండ పడదు. అక్కడ పల్చటి నెట్ కర్టెన్ వేసుకున్నా ఏమీ కాదు. తూర్పు కిటికీకి పొద్దున కాసేపు బాధ. అసలు గండం పడమటిదే. అప్పటికే గోడలు, స్లాబు కాగి ఉంటాయి, దాని మీద ఈ ఎండ.

పడమటి కిటికీకి అన్నిటికన్నా మంచిది అద్దానికి బయట కట్టే అడ్డు. గడ్చిరోలి, చంద్రపూర్ అడవుల్లో వెదురుకు కొదవలేదు. ఇక్కడ మరాఠీలో తట్ట్యా అనే వెదురు తడకను కిటికీ బయట కడితే, అదీ ఎండను పీల్చుకుని కాగుతుంది. కానీ ఆ వేడి బయటే ఉంటుంది, గాలి దాన్ని అటే ఎత్తుకుపోతుంది. బయట కట్టేదానికి రంగుతో పెద్దగా పని లేదు. లోపల కట్టేదానికి మాత్రం రంగే ప్రాణం. తెల్లటి బట్ట కనిపించే వెలుగును వెనక్కి కొడుతుంది. ఆ వెలుగు వచ్చిన దారినే అద్దం దాటి బయటికి పోగలదు. ముదురు రంగే ఇష్టమైతే అద్దం వైపుకు తెల్లటి లైనింగ్ వేయించుకోండి. గదిలోంచి మీకు నచ్చిన రంగే కనిపిస్తుంది. రాడ్ పైన చెక్కతో మూసిన పెల్మెట్ ఉంటే పైకి లేచే సెగ గదిలోకి రావడం కూడా తగ్గుతుంది.

ఈ ఊళ్ళున్న విదర్భలో ఇంకో సంగతి ఉంది, అది కూలర్. కూలర్ లోపలికి తోసినంత గాలి ఇంకోవైపు నుంచి బయటికి పోవాలి. చాలామంది ఎండ భయంతో అన్ని కిటికీలూ మూసి, మందపాటి కర్టెన్లు దించి కూలర్ వేస్తారు. తేమ లోపలే పేరుకుపోయి ఒళ్ళంతా జిగటగా అవుతుంది. కూలర్‌కు ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి, బయట తడక వేస్తే ఎండా ఆగుతుంది, గాలీ పోతుంది.

వట్టివేళ్ళ తడకలైతే ఇంకా హాయి. ఇక్కడ ఖస్ అంటారు. తడిపిన తడక గుండా వడగాలి వస్తే నీళ్ళు ఆవిరై గాలిలోని వేడిని తీసుకుంటాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడి సుమారు 0.67 యూనిట్ల కరెంటుతో సమానం. గాలి పొడిగా ఉండబట్టే ఇది ఇక్కడ ఇంత బాగా పనిచేస్తుంది. జూన్‌లో వానలు పడి గాలి తేమెక్కాక తడకలు చుట్టి అటక మీద పెట్టేయాల్సిందే.

మా బావది బొగ్గు గనిలో పని. నైట్ షిఫ్ట్ వారం వస్తే పగలు పడుకోవాలి. ఆ గదికి చల్లదనంతో పాటు చీకటి కూడా కావాలి. చూపు సంగతి అలా ఉంచితే, కేవలం వెలుతురు ఎంత ఉందో పసిగట్టి మెదడుకు చెప్పే కణాలు కొన్ని మన కంటి రెటీనాలో ఉన్నాయని 2002లో తేలింది. నీలి వెలుగుకు, సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఇవి బాగా స్పందిస్తాయి. వాటికి వెలుగు సోకిందంటే మెదడు పగలనే అనుకుంటుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. షిఫ్టుల్లో పనిచేసే ఇంట్లో, వెలుతురును ఆపేసే బ్లాకవుట్ కర్టెన్‌ను నేను సోకు కింద లెక్కపెట్టను. వెనకవైపు తెల్లటి పూత ఉన్నది చూసి, కిటికీ అంచులకన్నా అటు అరడుగు, ఇటు అరడుగు ఎక్కువ వచ్చేలా తీసుకోవాలి. అంచుల సందుల్లోంచి వచ్చే వెలుగు గీతలే నిద్ర చెడగొట్టేది.

నెట్ కర్టెన్ల గురించి ఒక మాట. పగలు బయటివాళ్ళకు లోపల ఏమీ కనిపించదు, ఎందుకంటే బట్ట మీద పడి తిరిగొచ్చే ఎండ, లోపలి మసక వెలుతురును మింగేస్తుంది. రాత్రి లైటు వేయగానే అంతా తారుమారు. వీధిలోకి గది మొత్తం కనిపిస్తుంది. నెట్ వేసుకునేవాళ్ళు డబుల్ రాడ్ పెట్టించుకుని రెండో పరదా కూడా సిద్ధం చేసుకోవాలి.

పలకల బ్లైండ్స్ అందంగా ఉంటాయి. పలకను కొంచెం వంచితే వెలుగు సీలింగ్ మీద పడి గదంతా మెత్తగా పరుచుకుంటుంది. గనులున్న ఊళ్ళో మాత్రం దుమ్ముతో చచ్చే చావు, ఒక్కో పలకా తుడవాలి. ఉతుక్కోగలిగే కాటన్ పరదాకే నా ఓటు. పిల్లలున్న ఇంట్లో బ్లైండ్ తాళ్ళు వేలాడనివ్వకండి, మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తాడు లేని రకం దొరుకుతుంది, అదే కొనండి. పాత పట్టుచీరలతో పరదాలు కుట్టించడం ఇప్పుడు చాలామందికి ముచ్చట. పట్టుదారం ఎండకు త్వరగా చివికిపోతుంది. ఆ ముచ్చటేదో లోపలి గుమ్మానికి తీర్చుకుంటే అమ్మ చీర పది కాలాలు ఉంటుంది.

అక్కవాళ్ళ పడకగదికి ఇప్పుడు బయట వెదురు తడక, లోపల వెనక తెల్లగా ఉన్న బ్లాకవుట్ కర్టెన్. మెరూన్ పరదాలు హాల్లో దక్షిణపు కిటికీకి మారాయి. డిసెంబర్‌లో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 47 డిగ్రీల ఎత్తుకే పరిమితమై, ఆ కిటికీలోకి చక్కగా తొంగిచూస్తాడు. మొన్న చలికాలం వెళ్ళినప్పుడు ఆ పరదా వెనక, రాడ్ దగ్గర మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. అదే సెగ. అక్క ఆ కిటికీ కిందే చాప వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.