షిగెల్లా వ్యాక్సిన్ గొడవంతా రెండేళ్ల లోపు పిల్లల దగ్గరే ఉంది

షిగెల్లా అంటే రక్త విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా. దాని వ్యాక్సిన్ పెద్దవాళ్లలో పనిచేసింది కదా, పిల్లలకి ఇంకా ఎందుకివ్వరు అని మళ్లీ వాదన మొదలైంది. నా లెక్కలో అసలు మలుపు 2010.

అంతకుముందు 1997లో ఇజ్రాయెల్ సైనికుల్లో సోనై రకం షిగెల్లా మీద ఒక కాంజుగేట్ వ్యాక్సిన్ (బ్యాక్టీరియా చక్కెరని ప్రొటీన్‌కి అతికించి చేసేది) 74 శాతం రక్షణ ఇచ్చింది, ఇక పిల్లలకి వేయడమే తరువాయి అనుకున్నారు. అదే దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో చేసిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. మూడేళ్లు దాటిన వాళ్లలో 71 శాతం, బానే ఉంది, కానీ అందర్నీ కలిపి చూస్తే 28 శాతం కూడా లేదు. వయసు తగ్గేకొద్దీ యాంటీబాడీలూ తగ్గాయి, వాటితోపాటే రక్షణా పోయింది.

కారణం ఉంది. ఈ బ్యాక్టీరియా పైన చక్కెర గొలుసులుంటాయి, యాంటీబాడీ పట్టుకోవాల్సింది వాటినే, రెండేళ్ల లోపు బిడ్డ ఒంటికి ఉత్త చక్కెర మీద యాంటీబాడీలు చేయడం సరిగ్గా చేతకాదు, అందుకే ప్రొటీన్‌కి అతికించి ఇస్తారు, అలా ఇచ్చినా ఆ వయసులో చాల్లేదు. తల్లి నుంచి మాయ ద్వారా వచ్చిన యాంటీబాడీలేమో మొదటి కొన్ని నెలల్లోనే తగ్గిపోతాయి. జబ్బు ఎక్కువగా కొట్టేది సరిగ్గా ఆ తర్వాతే.

జబ్బు పడ్డ బిడ్డని చూస్తే తెలుస్తుంది, మాటిమాటికీ ముక్కుతుంది, వచ్చేది చెంచాడు రక్తం, బంక. అది మైక్రోస్కోప్ కింద పెడితే నిండా చీము కణాలే. వాటిని పిలిపించింది బిడ్డ ఒళ్లే! షిగెల్లా మాక్రోఫేజ్‌లని, అంటే క్రిముల్ని మింగే రక్షణ కణాలని చంపితే అవి వదిలే సంకేతాలకి న్యూట్రోఫిల్స్, అంటే ఈ చీము కణాలే, పరిగెత్తుకొస్తాయి, వచ్చే తోవలో పేగు పొరని సందులు చేసి ఇంకా బ్యాక్టీరియాకి దారిస్తాయి. పైగా పేగు పొర తనంతట తాను తయారుచేసుకునే, క్రిముల్ని చంపే ఎల్‌ఎల్-37 అనే పదార్థాన్ని ఈ క్రిమి మొదట్లోనే అణిచేస్తుందని 2001లోనే బయటపడింది.

వాలంటీర్లయిన పెద్దలకి బ్యాక్టీరియా తాగించి పరీక్షిస్తేనే పని త్వరగా తేలుతుందనేది అవతలి వాళ్ల మాట, వేలమంది పిల్లల్లో ట్రయల్ అంటే ఏళ్లు పడుతుంది, అదీ నిజమే. కానీ పెద్దల అంకె చిన్న పిల్లలకి వర్తించదని 2010లోనే చూశాం కదా. కొత్త కాంజుగేట్‌ని కెన్యాలో 9 నెలల పిల్లల్లో కూడా పరీక్షించారు, నేను చూడమనేది ఆ వయసు వాళ్ల యాంటీబాడీ అంకెలే.