కష్టం వచ్చిందంటే దేవుడు శిక్షించినట్టేనా?

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు.

పోయిన ఆదివారం సండే స్కూలు అయ్యాక మీరు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "వాళ్లింట్లో ఏదో పాపం ఉండబట్టే ఆ పాపకి అంత పెద్ద జబ్బు వచ్చిందంటున్నారు, నిజమేనా తాతయ్యా?" అన్నారు కదా. నిజం కాదమ్మా. ముందు ఆ మాట గట్టిగా చెప్పి, ఎందుకు కాదో రాస్తున్నాను.

యేసు ప్రభువును ఆయన శిష్యులే ఈ ప్రశ్న అడిగారు. యోహాను సువార్త 9వ అధ్యాయం తీయండి. దారిలో పుట్టుకతోనే చూపు లేని మనిషి కనిపిస్తే, ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, ఇతని అమ్మానాన్నలా అని అడిగారు. ఇద్దరూ కాదన్నారు ప్రభువు. అని ఊరుకోలేదు. బురద చేసి అతని కళ్లకు పూసి, సిలోయం కోనేటికి వెళ్లి కడుక్కోమని పంపారు.

లూకా 13లో మరో సంగతి ఉంది. సిలోయంలో ఒక గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న వాళ్లందరికన్నా ఆ 18 మందీ పెద్ద పాపులని మీరనుకుంటున్నారా అని ప్రభువు జనాన్ని నిలదీసి, కాదని తానే చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమందిని మింగేసినప్పుడు కూడా ఎవరు ఎక్కువ పాపులని లెక్క చూసి నీళ్లు రాలేదు. పాలు తాగే పిల్లలూ పోయారు, ప్రార్థన చేసుకుంటున్న వాళ్లూ పోయారు.

అయితే మీరు బైబిలు చదివే పిల్లలు కాబట్టి ఒక మాట పట్టుకుంటారు. ప్రభువు ఆ వెంటనే "మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు" అన్నారు కదా, మరి అది బెదిరింపు కాదా? ఎవరితో అన్నారో చూడండి. గోపురం కింద పడ్డవాళ్ల గురించి అన్న మాట కాదది. బయట నిలబడి, వాళ్ల పాపం ఏమై ఉంటుందా అని మాట్లాడుకుంటున్న వాళ్లతో అన్నారు. ఆ తర్వాత వెంటనే కాయని అంజూరపు చెట్టు ఉపమానం చెప్పారు. యజమాని నరికేయమంటాడు. తోటమాలి మాత్రం, అయ్యా, ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. తీర్పు గురించి మాట్లాడుతూనే గడువు అడిగే గొంతు అక్కడ వినిపిస్తుంది. ఆ గొంతు ప్రభువుదేనని నా నమ్మకం.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిలో, అంటే అప్పట్లో మన ప్రాంతం కూడా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, ఘోరమైన కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లు. లక్షలాది మంది పోయారు. అప్పుడూ దేవుడి కోపమనే అన్నారు. వాన కురవని మాట నిజం. కానీ జనం ఆకలితో చస్తుంటే ఈ దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి బయటి దేశాలకు పోతూనే ఉంది. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, దానిపైన ఒక అణా సరిపోతుందని 1877లో బ్రిటిషు ప్రభుత్వంలోని పైవాళ్లు నిర్ణయించారు. మనుషులు చేసిన దీన్ని దేవుడి ఖాతాలో రాసేస్తే, చేసినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. అందుకే ఎవరికైనా కష్టం వస్తే "దేవుడి శిక్ష" అని తొందరపడి అనే మాట నాకు భయం పుట్టిస్తుంది.

ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ దొరగారని అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. 1866లో వచ్చారు. కరువు ముదిరాక, బకింగ్‌హామ్ కాలువలో మూడు నాలుగు మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. తెలుగు ప్రసంగీకులే అక్కడ మేస్త్రీలు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు! ఏడాదికి పైగా ఆపేశారు. అన్నం కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని, ఆకలితో ఉన్నవాడి చేత ఆ బేరం చేయించకూడదని.

1878లో ఇక సాయం డబ్బు లేదని కబురు పంపి, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి ప్రసంగీకులను మాత్రం రమ్మన్నారు. జనం వద్దన్నా వచ్చారు. మాకు సాయం వద్దు, మా చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకునే బతుకుతాం, ఈసారీ పంట పోతే చచ్చిపోతాం, అప్పుడు క్రైస్తవులుగా చచ్చిపోవాలని ఉంది అన్నారట. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు పాదిర్లు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి.

రక్షణ అంటే ఏమిటో నేను ఆ మనుషుల దగ్గరే చూస్తాను. కరువు పోతుందని ఎవరూ వాళ్లకు మాట ఇవ్వలేదు. విశ్వాసికి జబ్బు రాదని, అప్పులు తీరిపోతాయని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఆ మాట నమ్మి, స్వస్థత రాకపోయేసరికి నాకే విశ్వాసం తక్కువేమోనని ఏడ్చేవాళ్లను నేను చూశాను, అది రోగం మీద ఇంకో రోగం. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీ పత్రిక చెబుతుంది. కృప అంటే కొనుక్కునేది కాదు, ముందుగా అర్హత చూపించి తీసుకునేదీ కాదు. సిలువ మీద పక్కనున్న దొంగకు మంచి పని చేసి చూపించడానికి టైమే లేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడంతే.

తీర్పు మాటేమిటంటారా? ఉంది. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని మనం చెప్పుకుంటూనే ఉన్నాం. నరకం ఎలా ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది అన్న దాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి, ఆ వాదంలోకి ఇప్పుడు మిమ్మల్ని లాగను. కీర్తన 96 చదవండి. దేవుడు తీర్పు తీర్చడానికి వస్తున్నాడని పొలాలు సంతోషిస్తాయట, అడవి చెట్లన్నీ ఉత్సాహంగా పాడతాయట. కరువులో కూతురిని పోగొట్టుకున్న తల్లి తరఫున ఏదో ఒకరోజు ఎవరో లెక్క అడుగుతారంటే అది ఆమెకు మంచి వార్తే. మత్తయి 25లో ఆ లెక్క ఎలా ఉంటుందో కూడా ఉంది. ఆకలిగొన్నాను, రోగినై ఉన్నాను, మీరు వచ్చారా అని అడుగుతారు. ఆ రోగి పక్కన నిలబడి అడిగే న్యాయాధిపతి ఆయన. తానే సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి" అని కేక వేసినవాడు.

ఇంత రాసినా, ఆ పాపకే ఎందుకు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా వివరణ ఇవ్వలేదు, "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది.

కాబట్టి ఈ వారం ఆ పాప ఇంటికి వెళ్లండి. ముగ్గురు నలుగురి కన్నా ఎక్కువ వెళ్లొద్దు, వాళ్లకు ఇబ్బంది. ఎందుకొచ్చిందని అడగొద్దు, వచనాలు అప్పజెప్పొద్దు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక అంతా పాడుచేశారు. ఆ పాపకు బొమ్మలు వేయడం ఇష్టమట, రంగు పెన్సిళ్లు నేను కొనిపెడతాను, వచ్చి తీసుకెళ్లండి.

వచ్చే ఆదివారానికి యోబు 42వ అధ్యాయం చదివి రండి. దేవుడు ఆ స్నేహితులతో ఏమన్నాడో, చివరికి వాళ్ల కోసం ఎవరి చేత ప్రార్థన చేయించాడో మీరే నాకు చెప్పాలి.

ప్రభువునందు,
మీ తాతయ్య