ఊక బూడిద రబ్బరులో కలిస్తే

100 కిలోల వడ్లు మర ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. పూర్తిగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రబ్బరుకు బలం కోసం డబ్బు పెట్టి కొని కలిపే పొడి, అంటే ఫిల్లర్, కూడా సిలికాయే కదా, బూడిదను జల్లించి కలిపేస్తే పోలా అనిపిస్తుంది. అక్కడే లెక్క తప్పుతుంది.

రబ్బరును పట్టి ఉంచేది ఫిల్లర్ రేణువు ఉపరితలం. రేణువు చిన్నదయ్యే కొద్దీ గ్రాముకు ఉపరితలం పెరుగుతుంది. రబ్బరులో ఫిల్లర్‌గా వేసే నల్లటి మసి పొడి కార్బన్ బ్లాక్; అందులో ఎన్330 రకం రేణువు సుమారు 30 నానోమీటర్లు. 325 మెష్ జల్లెడలో దిగిన బూడిద రేణువు 45 మైక్రాన్ల దాకా ఉండొచ్చు, అంటే వెయ్యి రెట్లకు పైగా పెద్దది. బూడిద కలిపిన రబ్బరు నమూనాను లాగి తెంపి, ఆ అంచును భూతద్దంలో చూస్తే ఒక్కోసారి తెల్లటి పలుకు కనిపిస్తుంది. తెగడం మొదలైంది అక్కడే. పైగా సహజ రబ్బరు సాగుతున్నప్పుడు తనంతట తానే స్ఫటికాలు కట్టి గట్టిపడుతుంది. ఏ ఫిల్లరూ లేకుండానే 20 మెగాపాస్కల్స్ తన్యబలం (లాగితే తెగకుండా ఆగే బలం) దాటగలదు. అందులో బూడిద వేస్తే కాఠిన్యం పెరుగుతుంది, తన్యబలం మాత్రం సాధారణంగా తగ్గుతుంది.

సగం నాణ్యత పొయ్యిలోనే తేలిపోతుంది. ఊకను పలుచగా పరిచి, గాలి బాగా ఆడేలా 600-700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే సిలికా స్ఫటికం కట్టకుండా ఉంటుంది. 800-900 దాటితే క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంలోకి మారుతుంది; దాని ధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఊకలోని పొటాషియం ఇంకో చిక్కు. అది సిలికాను కరిగించి, కాలని కార్బన్‌ను లోపలే బంధిస్తుంది, బూడిద నల్లగానే ఉండిపోతుంది. (ఆ నలుపు చూసి కార్బన్ బ్లాక్ ఉచితంగా వచ్చిందనుకునేవాళ్లున్నారు. రాలేదు.) కాల్చేముందే ఊకను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి, ఆమ్లం పోయేదాకా కడిగితే తెల్లటి బూడిద వస్తుంది.

ప్రయోగానికి ఈ పాళ్లతో మొదలుపెట్టవచ్చు: రబ్బరు 100 భాగాలు, జింక్ ఆక్సైడ్ 5, స్టియరిక్ ఆమ్లం 2, బూడిద 20, సీబీఎస్ అనే యాక్సిలరేటర్ (ఉడకడాన్ని వేగపరిచేది) 1, గంధకం 2.5. బూడిదను ముందు 110 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు ఆరబెట్టాలి, తడి మిగిలితే అచ్చులో బుడగలు లేస్తాయి. రబ్బరును రెండు రోలర్ల మిల్లు మీద మెత్తబరచి, పట్టీ నునుపుగా చుట్టుకున్నాక జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లం, తర్వాత బూడిద కొద్దికొద్దిగా వేయాలి. ట్రేలో రాలినదాన్ని ఊడ్చి మళ్లీ వేయకపోతే తూకం తప్పుతుంది. యాక్సిలరేటర్, గంధకం చివర్లో, మిశ్రమం చల్లబడ్డాకే. రబ్బరు గంధకంతో బిగుసుకోవడాన్నే ఉడకడం అంటారు; 150 డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉడకాలో ఆ బిగువును కొలిచే రియోమీటర్ చెబుతుంది.

ఆ సమయం ప్రతి బూడిద బస్తాకూ మారుతుంది, అదే ఎక్కువ విసిగించేది. సిలికా ఉపరితలం యాక్సిలరేటర్‌ను పీల్చుకుంటే ఉడకడం ఆలస్యమవుతుంది. ఒక భాగం డైఇథిలీన్ గ్లైకాల్ వేస్తే సర్దుకుంటుంది. క్షారం మిగిలిన బూడిదైతే ఇందుకు విరుద్ధం, అచ్చు నిండకముందే రబ్బరు బిగుసుకోవచ్చు. అందుకే బూడిదను నీటిలో కలిపి, ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ చూడనిదే మిల్లు దగ్గరికి తీసుకుపోకూడదు.

సైలేన్ అనే రసాయనం కలిపితే రబ్బరుకూ సిలికాకూ బంధం కుదురుతుంది. అయితే ఆ చర్యకు మూసిన మిక్సర్‌లో 140-155 డిగ్రీల వేడి కావాలి. ఎస్ఐ-69 లాంటి గంధకం ఉన్న సైలేన్ 160 దాటితే గంధకాన్ని వదిలి రబ్బరును ముందే బిగించేస్తుంది. చల్లని మిల్లు మీద పోసి ఫలితం రాలేదంటే తప్పు సైలేన్‌ది కాదు.

ఖర్చు లెక్కలో ఇంకో మెలిక ఉంది. బూడిదను కొనేది కిలోల్లో, అచ్చు నిండేది ఘనపరిమాణంతో. బూడిద సాంద్రత 2 పైమాటే, రబ్బరుది 0.92. కిలో రబ్బరు బదులు కిలో బూడిద వేస్తే సగం చోటు కూడా నిండదు.

మ్యాట్లు, బుష్‌ల లాంటి వాటికి ఈ బూడిద చాలు. టైరు ట్రెడ్‌కు (రోడ్డుకు తగిలే పై పొరకు) మాత్రం బూడిదను కాస్టిక్ సోడాలో మరిగించి, వడకట్టి, వచ్చిన సోడియం సిలికేట్‌లో ఆమ్లం కలిపి సిలికాను మళ్లీ నానో పరిమాణంలో అవక్షేపించాలి. 2014లో గుడ్‌ఇయర్ టైర్లలో వాడతామని ప్రకటించింది ఊక బూడిద నుంచి తీసిన సిలికానే, బూడిదను కాదు.