టెంపరరీ బ్రిడ్జి విరగలేదంటే బాగున్నట్టేనా?

పన్ను పోయినచోట, పక్క పళ్లను అరగదీసి వాటికి తొడిగే క్యాపుల మధ్య కట్టుడు పన్ను నిలబెడితే అది బ్రిడ్జి; అసలుది పెట్టేదాకా వాడేది టెంపరరీ. కంప్యూటర్ మిషన్‌లో కోసిన టెంపరరీ బ్రిడ్జి ఏడాది వరకు పనికొస్తుందని తయారుచేసే కంపెనీలు కొన్ని చెప్తాయి. అది ఆ ప్లాస్టిక్ లెక్క. దాని కింద ఉన్న మన పంటికి ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు, ఈ తేడా తెలియకే మా అనంతపురం వైపు ఎంతోమంది మంచి పళ్లు పోగొట్టుకుంటున్నారని నాకు నిజంగా బాధ.

వస్తువు మాత్రం గట్టిదే. కట్టుడు పళ్లలో 1930ల నుంచీ వాడుతున్న అక్రిలిక్ ప్లాస్టిక్కే ఇదీ. క్లినిక్‌లో పొడి, ద్రవం కలిపి చేత్తో చేస్తే గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, లోపల సన్న బుడగలు మిగుల్తాయి, పూర్తిగా కలవని రసాయనం ఘాటుగా వాసన కొడుతుంది. మిషన్‌లో కోయడానికి వాడే బిళ్లను ఫ్యాక్టరీలోనే వేడి, ఒత్తిడి పెట్టి ముందే గట్టిపరుస్తారు, సాధారణంగా 98 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. నోటి స్కాన్ ఫైలు బెంగళూరులో ల్యాబ్‌కి పంపినా చాలు, అక్కడి మిషన్ ఆ బిళ్లలోంచి బ్రిడ్జిని చెక్కేస్తుంది. కాకపోతే కోసే సూది తన మొన కంటే సన్నటి మూలను చెక్కలేదు. డాక్టరు అరగదీసిన పంటి అంచులు పదునుగా ఉంటే అక్కడ లోపల కాస్త ఎక్కువ కోయాల్సి వస్తుంది, ఆ ఖాళీని బ్రిడ్జిని పంటికి అతికించే సిమెంటే నింపాలి.

ఇక విరగడం సంగతి. విరిగితే చాలావరకు రెండు క్యాపులు కలిసే సన్న మెడ దగ్గరే విరుగుతుంది. పిల్లల ప్లాస్టిక్ స్కేలు పడుకోబెట్టి వంచితే సులువుగా వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు కదా, ఇదీ అంతే: మెడ ఎత్తు సగమైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది, మధ్యలో ఖాళీ పొడవు రెట్టింపైనా ఎనిమిది రెట్లే. అందుకే ఒక పన్ను పోయినచోట నిక్షేపంగా ఉండే బ్రిడ్జి, వెనక దవడలో వరసగా రెండు పళ్లు పోయినచోట, అందులోనూ నిప్పట్లు, ఎండు జొన్నరొట్టె నమిలే నోట్లో, అంతకాలం నిలబడదు.

నన్ను భయపెట్టేది విరగడం కాదు, విరగకపోవడం. టెంపరరీ సిమెంట్ కావాలనే బలహీనంగా ఉంటుంది, తర్వాత తీయాలి కాబట్టి. బ్రిడ్జి నమిలినప్పుడల్లా కాస్త వంగుతుంటే ఒక పంటి మీద సిమెంట్ వదిలేస్తుంది, రెండో పన్ను మాత్రం పట్టుకునే ఉంటుంది. బ్రిడ్జి ఊడదు. కానీ వదిలిన క్యాపులోకి ఉమ్మి, తిండి చేరతాయి, అరగదీసిన పంటికేమో పైన కాపాడే గట్టి పొర, ఎనామెల్, ఉండదు. పుచ్చడానికి ఇంకేం కావాలి? పైగా రూట్ కెనాల్ చేసిన పన్నయితే లోపల నరమే లేదు, చల్లనీళ్లు తాగినా జివ్వుమనదు.

మా చిన్నాయన విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. "గట్టిగానే ఉంది కదమ్మా, శనక్కాయలు అమ్మినాక వస్తాలే" అని డాక్టరమ్మకు చెప్పి వాయిదా వేస్తూ పోయాడు. చివరికి తీసి చూస్తే బ్రిడ్జి మీద చిన్న పగులు కూడా లేదు, కింద ముందు పన్ను మాత్రం నల్లగా, గోరు దిగేంత మెత్తగా అయిపోయింది.

కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడొద్దు. పొద్దున లేవగానే ఆ పక్క చేదుగానో కుళ్లు వాసనగానో ఉన్నా, బ్రిడ్జిని వేలితో నొక్కితే అంచు దగ్గర ఉమ్మి బుడగలు వచ్చినా సిమెంట్ వదిలిందని అనుమానించాల్సిందే, ఆ వారమే వెళ్లండి. తీసి, శుభ్రంచేసి మళ్లీ అతికించడం చిన్న పని. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) మానేదాకా నెలల తరబడి టెంపరరీ ఉంచుకోవాల్సినవాళ్లు మధ్యమధ్యలో సిమెంట్ ఎప్పుడు చూస్తారో ముందే అడిగి తేదీ రాయించుకోండి. విరిగిపోతే టెన్షన్ పడక్కర్లేదు, ల్యాబ్‌లో ఫైలు దాచి ఉంటే కొలతలు మళ్లీ ఇవ్వకుండానే అచ్చం అలాంటిదే ఇంకోటి కోయించవచ్చు. కింద పన్ను పుచ్చి ఆకారం మారిపోతే మాత్రం ఆ ఫైలు ఎందుకూ పనికిరాదు.