సీసం ఎక్కడ బిగించాలి? కార్ట్ రేసుల్లో కనీస బరువు నియమం వెనుక కథ

కార్ట్ అంటే నేలకు ఆనుకున్నట్టుండే చిన్న రేసు బండి. కార్ట్ రేసు ముగిశాక ఫలితం తేలేది తూకం దగ్గరే. హెల్మెట్, సూటు, చేతి తొడుగులు, బూట్లతో సహా డ్రైవర్, అతడు నడిపిన కార్టు కలిసి ఆ తరగతికి నిర్ణయించిన కనీస బరువు తూగాలి. అరకిలో తగ్గినా, ఎంత ముందు వచ్చాడన్న దానితో నిమిత్తం లేకుండా ఆ ఫలితం రద్దయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే తేలికైన డ్రైవర్లు సీటుకు సీసపు దిమ్మలు బిగించుకుంటారు. త్రాసు ముల్లు సరిచేయడానికి తేలిక పళ్లెంలో వేసే పాసంగం లాంటిదే ఈ బ్యాలస్ట్. అయితే పాసంగాన్ని పళ్లెంలో ఏ మూల వేసినా త్రాసుకు ఒకటే. కార్టుకు మాత్రం ఒకటి కాదు. ఈ నియమం చుట్టూ నడిచే వాదనంతా ఆ తేడా నుంచే పుట్టింది.

మనిషి బరువు సమస్య కార్టుతో పాటే పుట్టిందంటే అతిశయోక్తి కాదు. 1956లో దక్షిణ కాలిఫోర్నియాలో రేసు కార్ల తయారీలో పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్, గడ్డి కోసే యంత్రాల కోసం తయారై మిగిలిపోయిన రెండున్నర హార్స్‌పవర్ ఇంజన్‌తో తొలి కార్టును కట్టాడు. ఇంగెల్స్ భారీ మనిషి కావడంతో ఆ ఇంజన్ ఆయనను సరిగా లాగలేకపోయింది. మిత్రుడు లూ బోరెల్లీ దాన్ని మెరుగుపరచవలసి వచ్చింది. ఇంజన్ చిన్నదైన కొద్దీ, బండి తేలికైన కొద్దీ, నడిపేవాడి ఒళ్లు లెక్కలో పెద్ద భాగమవుతుంది. మామూలు కారులో మనిషి బరువు మొత్తంలో చిన్న పాలు మాత్రమే. కార్టులో దాదాపు సగం.

దీనికి దొరికిన విరుగుడు కొత్తదేమీ కాదు. గుర్రప్పందాల్లో జాకీని జీనుతో సహా పందేనికి ముందూ వెనుకా తూచడం, తగ్గిన బరువుకు సీసపు పలకలు చేర్చడం ఎంతో కాలంగా ఉన్న పద్ధతే. హైదరాబాద్ మలక్‌పేట పందేలు చూసినవారికి అది తెలిసిన విషయమే. కార్టింగ్ కూడా బండినీ మనిషినీ కలిపి తూచే దారిలోనే నడిచింది. 1962లో ఏర్పడిన అంతర్జాతీయ కార్టింగ్ సంఘం నియమాల ప్రకారం బ్యాలస్ట్ గట్టి దిమ్మల రూపంలోనే ఉండాలి. కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండు బోల్టులతోనైనా చాసిస్‌కు (బండి చట్రానికి) గానీ సీటుకు గానీ బిగించి ఉండాలి. వంద కిలోమీటర్లకు మించిన వేగంలో ఊడిపోయిన ఐదు కిలోల సీసం వెనుక వచ్చే డ్రైవర్‌కు ఏమవుతుందో ఊహించుకుంటే, ఈ కట్టుదిట్టం చాదస్తమనిపించదు. గట్టి దిమ్మే ఎందుకన్న ప్రశ్నకు పెద్ద కార్ల రేసుల్లో మంచి ఉదాహరణ ఉంది. 1984లో ఫార్ములా వన్‌లో టిరెల్ జట్టు రేసు చివర్లో నీటి ట్యాంకులోకి నీళ్లతో పాటు సీసపు గుళ్లు నింపి బరువు సరిచేసుకుంటోందన్న వ్యవహారం బయటపడి, ఆ జట్టు ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ నుంచే వెలివేతకు గురైంది.

ఇక అసలు చిక్కు. అంతర్జాతీయ కార్టింగ్‌లో 2016లో కేఎఫ్ అనే తరగతి స్థానంలో వచ్చిన ఓకే అనే తరగతికి మొదట 145 కిలోల కనీస బరువు పెట్టారు. కార్టు 80 కిలోలు, దుస్తులతో సహా డ్రైవర్ 50 కిలోలు అనుకుంటే 15 కిలోల సీసం చేర్చాలి. సీసం నీటికంటే పదకొండు రెట్లు బరువు కాబట్టి ఆ పదిహేను కిలోలూ ఒకటిన్నర లీటరు సీసాలో ఇమిడేంత చోటే తీసుకుంటాయి. దాన్ని సీటు అడుగున పెడితే గరిమనాభి కిందికి దిగుతుంది; వీపు వెనుక పైకి జరిపితే ఎత్తుకు చేరుతుంది. కార్టుకు కుదుపులను మింగే సస్పెన్షన్ లేదు, రెండు వెనుక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి తిరుగుతాయి గనుక మలుపులో లోపలి వెనుక చక్రం క్షణకాలం నేల విడిస్తేనే బండి సులువుగా తిరుగుతుంది. ఆ చక్రం ఎంత లేవాలన్నది బరువు ఎంత ఎత్తున ఉంది, ఏ పక్కకు ఉంది అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. అంటే తేలికైన డ్రైవర్ చేతిలో సీసం ఒక సర్దుబాటు సాధనం. వాన పడి పట్టు తగ్గినప్పుడు దాన్ని పైకి మార్చుకునే వీలు అతడికి ఉంది. 70 కిలోల డ్రైవర్‌కు అదే బండిలో ఐదు కిలోలు ఎక్కువే గానీ, మార్చుకోవడానికి ఏమీ లేదు.

తేలికవారికీ ఇబ్బందులు లేకపోలేదు. పదిహేను కిలోల సీసం మోసే ఫైబర్‌గ్లాస్ సీటు బోల్టుల దగ్గర పగుళ్లు తీస్తుంది. మనిషి అవసరాన్ని బట్టి ఒరుగుతాడు, సీసం ఒరగదు. ఎదిగే పిల్లల తరగతుల్లో ఈ లెక్క నెలనెలా మారుతుంది. ఏడాది మొదట్లో బిగించిన దిమ్మలను తండ్రి ఒక్కొక్కటిగా విప్పుతూ వస్తాడు. విప్పడానికి ఇంకేమీ మిగలని రోజున తరగతి మారడమో, వెనుకబడడమో తప్పదు. బ్రిటన్‌లో రోటాక్స్ మ్యాక్స్ అనే ఇంజన్‌తో నడిచే కార్టు రేసుల్లో 162 కిలోల తరగతికి తోడు, భారీ డ్రైవర్ల కోసం 177 కిలోల తరగతిని వేరుగా నడపడానికి కారణం ఇదే. నా దృష్టిలో ఇప్పటివరకు వచ్చిన పరిష్కారాల్లో నిజాయితీ గలది ఇదే. అయితే తరగతులు పెరిగిన కొద్దీ ఒక్కొక్క దాంట్లో పోటీదారులు పలచబడతారు.

ఫార్ములా వన్ 1995 నుంచి డ్రైవర్‌ను కారుతో కలిపి తూచింది. భారీ డ్రైవర్లు తిండి మానుకునే పరిస్థితి వచ్చాక, 2019లో డ్రైవర్‌కూ సీటుకూ కలిపి 80 కిలోల కనీస బరువు విడిగా పెట్టి, తగ్గినంత బ్యాలస్ట్‌ను సీటు దగ్గరే ఉంచాలని నిర్దేశించింది. దీంతో తేలికవారికి ఆ సీసాన్ని నచ్చిన చోట పెట్టుకునే స్వేచ్ఛ పోయింది. కార్టింగ్‌లో సీటే బండి నడకను ప్రభావితం చేసే భాగం కావడంతో, సీసం సీటు దగ్గరే ఉండాలన్నంత మాత్రాన చిక్కు తీరదు. ఏ ఎత్తున, ఏ పక్కన అన్న నిర్ణయం నేటికీ మెకానిక్ చేతి రెంచీకే వదిలేశారు.