గాలి దారి చెప్పే పొగ

సింగరేణి వైపు బొగ్గుగనిని ‘బొగ్గుబాయి’ అంటారు. బాయి లోపల, టోపీకి తగిలించిన దీపం (క్యాప్ ల్యాంప్) వెలుగులో ఒకాయన వేలంత గాజు గొట్టం రెండు కొసలూ విరిచి, దాని వెనక చిన్న రబ్బరు బంతి తగిలించి నొక్కుతాడు. తెల్లటి పొగ గుప్పెడంత బయటికొస్తుంది. అది ఎటు కదులుతుందా అని పక్కనున్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు.

గనిలో పైనున్న పెద్ద ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన గాలి అందరికీ అందుతుందని కాదు. బొగ్గు స్తంభాలు వదులుతూ తవ్విన గని ఊళ్లో వీధుల్లా అడ్డంగా, నిలువుగా చీలిపోయి ఉంటుంది. గాలికి ఏ దారి సులువైతే ఆ దారినే పోతుంది. అందుకే దాన్ని గోడలతో, తలుపులతో, బ్రాటిస్ గుడ్డతో (గాలిని మళ్లించడానికి తెరలా కట్టే మందపాటి గుడ్డ) మళ్లించి బొగ్గు కొట్టే చోటిదాకా తీసుకుపోవాలి.

గాలి వేగం కొలవడానికి రెక్కలు తిరిగే ఎనిమోమీటర్ ఉంటుంది. కానీ గాలి మరీ నెమ్మదిగా పోతుంటే ఆ రెక్కలు సరిగా తిరగవు. అక్కడ పొగే కొలబద్ద. 10 మీటర్ల దూరం గుర్తు పెట్టుకుని, ఒకరు పొగ వదిలితే ఇంకొకరు స్టాప్‌వాచ్ పట్టుకుంటారు. 50 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.2 మీటర్లు. గోడల దగ్గరకంటే నడిమధ్యలో గాలి చురుగ్గా పోతుంది కాబట్టి సుమారు 0.8తో గుణించి 0.16 అనుకుంటారు. గ్యాలరీ, అంటే గనిలోని సొరంగ దారి, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉంటే నిమిషానికి 96 ఘనపు మీటర్లు. మన నిబంధనల ప్రకారం మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్లు అందాలి. అంటే 16 మందికే సరిపోతుంది. రోజుకు తీసే బొగ్గును బట్టి ఇంకో లెక్క ఉంది, రెండింట్లో ఏది ఎక్కువైతే అదే పాటించాలి. పీల్చుకోవడానికి ఇంత గాలి అక్కర్లేదు. బొగ్గులోంచి వచ్చే మండే వాయువు మీథేన్‌ను, దుమ్మును, వేడిని పలచన చేసి బయటికి మోసుకుపోవడానికే ఇదంతా.

ఏ పొగైనా పనికొస్తుందా? ఇంట్లో తలుపులన్నీ వేసి అగరుబత్తి వెలిగించండి. పొగ నిటారుగా పైకి లేస్తుంది. గదిలో గాలి పైకి పోతోందని కాదు, పొగ వేడిగా ఉంది కాబట్టి. గనికి కావలసింది చల్లటి పొగ. గాజు గొట్టంలో ఉండేది టైటానియం టెట్రాక్లోరైడ్ లాంటి రసాయనం. గాలిలోని తేమ తగలగానే అది సన్నటి తెల్లటి రేణువులుగా మారుతుంది. అవి గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతాయి. నిప్పు అక్కర్లేదు, అదే ముఖ్యం. బీడీ, అగ్గిపెట్టె జేబులో ఉన్నాయేమో అని వెతికి మరీ లోపలికి పంపే చోటు అది. అయితే ఆ చర్యలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా పుడుతుంది, అందుకే పొగను ముఖానికి దూరంగా వదలాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది లీకులు పట్టే పని. బొగ్గు తీసేసిన ఖాళీ చోటును, అంటే గోఫ్‌ను, గోడ కట్టి మూసేస్తారు. గోడలో వెంట్రుకంత పగులున్నా లోపలికి ఆక్సిజన్ చేరి, మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవచ్చు. ఆ పగులు కంటికి ఆనదు. గోడ వెంబడి పొగ వదులుతూ పోతే ఒకచోట దారంలా సాగి లోపలికి జారిపోతుంది. అక్కడే పూత వెయ్యాలి.

గని పైకప్పు, అంటే రూఫ్ దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. గాలికంటే తేలికైన మీథేన్, గాలి వేగం చాలని చోట రూఫ్‌కు పొరలా అంటుకుంటుంది. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అలాంటి చోట నడుము ఎత్తులో వదిలిన పొగ చక్కగా ముందుకే పోతుంది. చెయ్యెత్తి రూఫ్ కింద వదిలితే మాత్రం కదలకుండా నిలబడుతుంది, ఏటవాలు గ్యాలరీలో ఒక్కోసారి గాలికి ఎదురుగా వెనక్కి పాకుతుంది. అప్పుడు పని ఆపి, మనుషుల్ని వెనక్కి పంపి, మీటర్‌తో గ్యాస్ చూసి, బ్రాటిస్ గుడ్డ సరిచేసి గాలిని రూఫ్ వైపు మళ్లిస్తారు. మళ్లీ చెయ్యెత్తి బంతి నొక్కుతారు. ఈసారి పొగ చెదిరి, మిగతా గాలితో కలిసి ముందుకు పోవాలి. పోయేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టరు.